ఏనుగు గడ్డి కోసిన వేలు

వేలు మంట. నిద్ర పట్టేలా లేదు, టైపు చేద్దామంటే అదే వేలు ముందు తగులుతోంది.

పొద్దున పెరట్లో ఏనుగు గడ్డి దుబ్బు తగ్గిద్దామని వెళ్ళాను. గ్లోవ్స్ వేసుకోమని ఈయన అంటూనే ఉన్నారు. నేను వింటానా, మీకు తెలీనిదా! ఒక్క ఆకు పట్టి లాగానో లేదో, సర్రున తెగింది.

అసలు కోపం గడ్డి మీద కాదు, మొక్కల పుస్తకం మీద. సాయంత్రం తీసి చూస్తే అన్నీ దర్జీ కొలతలే. బహువార్షికమట, అంటే ఏళ్ళ తరబడి బతికేదట, కాండం 2 నుంచి 4 మీటర్లు, ఒక్కోసారి 7 దాకా, ఆకు పొడవు 30 నుంచి 120 సెంటీమీటర్లు. శాస్త్రీయ నామమైనా నిలకడగా ఉందా? మొన్నటిదాకా పెన్నిసెటమ్ పర్‌ప్యూరియమ్. 2010లో పెన్నిసెటమ్ ప్రజాతిని, అంటే ఆ దగ్గరి చుట్టాల గుంపుని, సెంక్రస్‌లో కలిపేశారు, ఇదేమో సెంక్రస్ పర్‌ప్యూరియస్ అయింది. ఇంటిపేరు మారితే సొంత పేరు తోక కూడా మార్చుకోవాలన్నమాట! పైగా ఆ పర్‌ప్యూరియస్‌కి అర్థం ఊదా రంగు. మా దుబ్బు వేసిన కంకులన్నీ పసుపు పచ్చగానే ఉంటాయి.

పెదనాన్న దీన్ని నాటడం గుర్తొచ్చింది. ఇది గింజ సరిగా కట్టదు, ముచ్చెలు, అంటే కాండం ముక్కలు, పాతాల్సిందే. మూడు కణుపుల ముక్క ఏటవాలుగా గుచ్చి, రెండు కణుపులు మట్టిలోకి పోనిచ్చేవారు. నేనూ గుచ్చాను, బోలెడన్ని, ఎంతో గర్వంగా. ఆయన వెనకే వచ్చి ఒక్కొక్కటీ పీకి తిరగేసి పెట్టారు. "కన్ను పైకి చూడాలే పిచ్చిదానా" అన్నారు. కణుపు దగ్గర మొగ్గని కన్ను అంటారని అప్పుడే తెలిసింది. ఆ గడ్డి నూగుకి రాత్రంతా చేతులు గోక్కున్నాను. ఆయన చేతులు మాత్రం ఎప్పుడూ గోక్కున్నట్టు గుర్తులేదు. గీతలు మటుకు ఉండేవి, సన్నగా, తెల్లగా.

ఇప్పుడే మళ్ళీ పుస్తకం తెరిచాను. ఆకు అంచు సన్నటి రంపంలా గరుకు అని అందులోనే ఉంది, కొలతల పక్కనే. అంకెలు చూసి విసుక్కుని దాటేశాను. ఆకు, కాండాన్ని చుట్టుకునే తొడుగుతో కలిసేచోట పొర ఉండదు, వెంట్రుకల కుచ్చు ఉంటుందని కూడా రాశారు. టార్చి పట్టుకెళ్ళి చూశాను, నిజమే, కనురెప్పల్లా ఉన్నాయి. పాపం, ఆ రాసినాయన ఎవరో బాగానే చూశాడు.

కంకి రంగు సంగతి మాత్రం ఒప్పుకోను.

సగం దుబ్బు అలాగే ఉంది. రేపు ఈయన లేవకముందే గ్లోవ్స్ వెతకాలి.