మిద్దె మీది ట్యాంకు, చిత్తూరులోని ఫోను: టనెల్ అమర్చిన మూడు వారాంతాలు

తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దె మీది నీళ్ల ట్యాంకుకు అల్ట్రాసోనిక్ సెన్సారు బిగించి, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకు కలిపి, నీటి మట్టం చూపే చిన్న పేజీని 5000 పోర్టులో (కంప్యూటరులో ఒక్కో సేవకు ఉండే అంకె గల తలుపు) నడపడం వరకు పని ముందే అయిపోయింది. కానీ ఆ పేజీ ఇంటి వైఫైలో మాత్రమే తెరుచుకునేది. వారంలో అయిదు రోజులు నేను చిత్తూరులో, కట్టమంచి దగ్గర అద్దెగదిలో ఉంటాను. “ఆడుండి ట్యాంకు చూసి ఏం చేస్తావు నాయనా, మోటారు ఆపేది నేనే కదా?” అని అమ్మ అడిగింది. నిండగానే ఫోన్ చేసి చెబుతానన్నాను.

మొదటి వారాంతంలో సగం రోజు రౌటరులో పోర్టు ఫార్వర్డింగ్ (బయటి అభ్యర్థనను లోపలి కంప్యూటరుకు మళ్లించడం) అమర్చడానికే పోయింది, ఫలితం మాత్రం సున్నా. ఆలస్యంగా రౌటరు బయటి చిరునామా చూస్తే అది 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న చిరునామాలను, ఒకే పబ్లిక్ చిరునామాను అనేక ఇళ్లకు పంచే ఏర్పాటు కోసం 2012లో కేటాయించారు. అలాంటి కనెక్షనుకు బయటి నుంచి నేరుగా దారి ఉండదు కాబట్టి, రౌటరులో ఎన్ని తలుపులు తీసినా ప్రయోజనం లేదు. ఈ ఒక్క అంకె ముందే చూసి ఉంటే ఆ శనివారం మిగిలేది.

అందుకే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్డ్ అనే కమాండ్ లైన్ (ఆదేశాలు టైపు చేసి నడిపే) సాధనం ఎంచుకున్నాను. ఇది లోపలి నుంచే బయటికి కనెక్షన్ తెరిచి, వచ్చే అభ్యర్థనలను అదే దారిలో తెచ్చుకుంటుంది; ఈ దారినే టనెల్ అంటారు. ఖాతా లేకుండా ఒక్క ఆదేశంతోనే తాత్కాలిక చిరునామా దొరుకుతుంది గానీ, మళ్లీ నడిపిన ప్రతిసారీ ఆ పేరు మారిపోతుంది. కరెంటు పోయి వచ్చే ఇంటికి అది కుదరదు.

రెండో వారాంతంలో సొంత డొమైను (వెబ్ పేరు) పెట్టి, లాగిన్ అయి, టనెల్‌కు పేరు పెట్టి సృష్టించాను. అప్పుడు వచ్చిన జేసన్ ఫైలే దాని తాళంచెవి, దాన్ని ఎవరికీ పంపకూడదు. తరువాత కన్ఫిగరేషన్ ఫైలులో టనెల్ గుర్తింపు సంఖ్య, ఆ జేసన్ ఫైలు ఉన్న చోటు, ఇంగ్రెస్ అనే నియమాల వరుస రాశాను. ఏ పేరుకు వచ్చిన అభ్యర్థన ఏ పోర్టుకు పోవాలో ఈ వరుసే చెబుతుంది. నియమాలను పైనుంచి కిందికి చదివి, మొదట సరిపోయినదాన్నే తీసుకుంటుంది కాబట్టి, చివర్లో దేనికీ సరిపోని వాటిని పట్టుకునే నియమం తప్పనిసరి; మామూలుగా అది 404, అంటే ‘పేజీ లేదు’ అనే జవాబు ఇస్తుంది. నేను అది రాయలేదు, టనెల్ మొదలుకానే లేదు. అది చేర్చాక కూడా ఫైలు చెల్లలేదు: వరుస జరపడానికి స్పేసులకు బదులు ట్యాబ్ వాడాను, ఆ ఫైలు రాసే యామల్ పద్ధతి దాన్ని ఒప్పుకోదు. ఇంగ్రెస్ వరుసను పరీక్షించే ఆదేశం విడిగా ఉందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఫైలు మార్చిన ప్రతిసారీ ముందు దాన్నే నడుపుతున్నాను.

అసలు విసుగు మూడో వారాంతంలో వచ్చింది. రాస్ప్‌బెర్రీ పై మొదలవగానే టనెల్ కూడా లేవాలని సర్వీసుగా అమర్చాను. ఆ అమరిక నా హోం ఫోల్డరులోని ఫైలుకు నకలు తీసి సిస్టం అమరికలు ఉండే ఈటీసీ ఫోల్డరులో పెట్టింది, అక్కడి నుంచి సర్వీసు ఆ నకలునే చదువుతోంది. ఇది గమనించక గంటన్నర సేపు పాత ఫైలునే దిద్దుతూ, మార్పు ఎందుకు కనిపించడం లేదని తల పట్టుకున్నాను. ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉంటే పాతదాన్ని వెంటనే తీసేయడమే మంచిది.

కనెక్షన్ కూడా మాటిమాటికీ తెగుతుండేది. ఈ సాధనం మామూలుగా యూడీపీ (చేరిందో లేదో చూడకుండా డేటా పంపే పద్ధతి) 7844 పోర్టు మీద క్విక్ అనే ప్రోటోకాల్‌లో మాట్లాడుతుంది. మా కనెక్షన్ మీద అది నిలకడగా లేదు. ప్రోటోకాల్‌ను హెచ్‌టీటీపీ2 అని రాస్తే అదే పోర్టులో టీసీపీ (డేటా చేరిందని నిర్ధారించుకునే పద్ధతి) మీద నడుస్తుంది, తెగడం ఆగింది. లాగ్‌లో నాలుగు కనెక్షన్లు కనిపిస్తాయి, వాటిలో రెండింటి పక్కన చెన్నై విమానాశ్రయపు మూడక్షరాల గుర్తు ఉంది; కనెక్షన్ చేరే క్లౌడ్‌ఫ్లేర్ కేంద్రం ఏ ఊరిదో అది చెబుతుంది. తిరుపతి ట్యాంకు సంగతి చెన్నై మీదుగా చిత్తూరు చేరుతోందన్నమాట.

పేజీకి ముందు ఈమెయిలుకు వచ్చే ఒకసారి వాడే కోడ్ అడిగేలా తాళం వేశాను. మోటారు స్విచ్ కూడా పేజీలో పెట్టవచ్చు, తమ్ముడు అదే కోరుతున్నాడు. చూపే పేజీ తెరవడం ఒకటి, కరెంటు మోటారును ఇంటర్నెట్‌కు అప్పగించడం మరొకటి. రెండోది నేను చేయను.

మొన్న బుధవారం చిత్తూరులో పేజీ 62 శాతం చూపింది, రాత్రి దాకా అదే అంకె. టనెల్ బాగానే ఉంది, సెన్సారు వైరే ఊడింది. వచ్చే వారం అంకె పక్కన చివరి కొలత తీసిన సమయం కూడా చూపించాలి.