లైన్ నంబర్ చెప్పు

మన కాలేజీలో 2019 దాకా క్లాట్ అనే లా ఎంట్రెన్స్ పేరు నోటీసు బోర్డు మీద కూడా కనపడలేదు. హెచ్ఈసీ, సీఈసీ వాళ్లం ఇంటర్ అయినంక డిగ్రీలో చేరతాం, లా మీద మనసుంటే మన రాష్ట్రం పెట్టే లాసెట్ రాస్తాం, మాకు తెలిసింది అంతే. లాసెట్ పేపర్ తెలుగులో ఉంటుంది, ఉర్దూలోనూ ఉంటుంది, నెగెటివ్ మార్కులు లేవు, అందుకే అది మన పరీక్ష అనిపించేది. షామీర్‌పేటలో నల్సార్ అనే లా యూనివర్సిటీ ఉందనీ, బస్సెక్కితే పోయే దూరంలోనే ఉన్నా దాంట్లో సీటు కావాలంటే దేశమంతా రాసే ఆ క్లాట్ పరీక్ష ఇంగ్లీషులో రాయాలనీ మాకు మొదట చెప్పింది మన ఇంగ్లీష్ మేడమే. తన పేరు అచ్చులో కనపడటం ఆవిడకి ఇష్టం ఉండదు కాబట్టి మేడమ్ అనే రాస్తున్నా, మన బ్యాచుల వాళ్లకి ఎవరో చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది నవంబర్‌లో క్లాట్ ప్యాటర్న్ మారుతుందని వార్త వచ్చింది. అంతకుముందు 200 ప్రశ్నలు, చాలావరకు చిన్న చిన్న బిట్లు. 2020 నుంచి 150 ప్రశ్నలు, టైం అదే రెండు గంటలు, కానీ ఇంగ్లీష్ ఒక్కటే కాదు, కరెంట్ అఫైర్స్, లీగల్, లాజికల్ అన్నీ పాసేజీ ఇచ్చి దాని కిందే అడుగుతారు, లెక్కలు కూడా ఏదో డేటా ఇచ్చి దాని మీదే. ఇంగ్లీష్ పాసేజీ ఒక్కోటి 450 మాటల దాకా. తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. అప్పటికే ఏడాది నుంచి కోచింగ్‌లో ఉన్నవాళ్లు కంగారు పడ్డారు, మేడమ్ మాత్రం ఆ రోజు క్లాసుకి నవ్వుకుంటూ వచ్చారు. "బట్టీ సరుకు తగ్గింది బిడ్డా, చదివేటోడికే మార్కులు. ఇప్పుడు మీరూ వాళ్లూ ఒక్కటే" అన్నారు.

వెంటనే బోర్డు మీద లెక్క వేశారు. రెండు గంటలంటే 7200 సెకన్లు, 150కి పంచితే ప్రశ్నకి 48 సెకన్లు, పాసేజీకి ఐదు ప్రశ్నలు అనుకుంటే పాసేజీ చదవడానికీ ఐదింటికీ టిక్ పెట్టడానికీ కలిపి నాలుగు నిమిషాలు. మా బెంచి మొత్తం నిశ్శబ్దం. మాకు ఒక్క పేరా చదవడానికే అంత పట్టేది, అది కూడా వేలు పెట్టుకుని.

దీనికి ఆవిడ చేసిన మందు నేను ఇప్పటికీ ఎక్కడా వినలేదు. మొదటి వారం అసలు ఇంగ్లీష్ ముట్టనియ్యలేదు. "పదో తరగతి తెలుగు పేపర్‌లో అపరిచిత గద్యం వచ్చేది గదా, దాంట్లో ఎవరికన్నా మార్కులు పోయినయా?" అని అడిగారు. ఎవరికీ పోలేదు. అయితే మీకు కాంప్రహెన్షన్ వచ్చు, రానిది ఇంగ్లీషే, ఆ రెండూ వేరు వేరు అన్నారు. తెలుగు పేపర్ సంపాదకీయాలు జిరాక్స్ తీయించి పంచి ఒక్కోదాని కింద నాలుగే ప్రశ్నలు అడిగేవారు: రాసినాయన అసలు ఏం చెప్పదలుచుకున్నాడు, దేనికి ఒప్పుకుంటడు దేనికి ఒప్పుకోడు, నోరు తెరిచి అనకున్నా ఏం అంటున్నడు, ఏ గొంతుతో అంటున్నడు. మేము టకటకా చెప్పేవాళ్లం, ఒకళ్ల మీద ఒకళ్లు పోటీ పడి మరీ. వారం అయ్యాక చెప్పారు, క్లాట్ ఇంగ్లీష్ సెక్షన్‌లో ఎన్ని ప్రశ్నలున్నా దాదాపు అన్నీ ఈ నాలుగే, వేషం మార్చుకుని వస్తయ్ అని. భయం సగం అక్కడే పోయింది. తెలుగు మీడియం పిల్లలకి ఇంగ్లీష్ రాదు కాబట్టి అర్థం చేసుకోవడం కూడా రాదు అని మాకు చిన్నప్పటి నుంచి ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు, ఆ మాట నిజం కాదని ఎదురుగా చేసి చూపించిన మనిషి ఆవిడ.

ఆ తర్వాత ఇంగ్లీష్ వాక్యాల మీద పడ్డాం. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది, అందుకని మనం వాక్యం అయ్యేదాకా ఓపిక పట్టి అప్పుడు అర్థం చేసుకుంటాం, ఇంగ్లీషులో అట్లా ఆగితే మునుగుతాం ఎందుకంటే అసలు సంగతి ముందే అయిపోయి వెనకాల తోకలు తోకలుగా వస్తూనే ఉంటాయి. కర్త ఎవరో చూసి దాని క్రియ పట్టుకోండి, గుండ్రం చుట్టండి, మిగతాది తర్వాత తగిలించుకోండి అనేవారు. బట్, హౌవెవర్, యెట్ లాంటి మాట కనపడితే దాని చుట్టూ డబ్బా గీసి కొట్టాలి, రాసినాయన అక్కడ మలుపు తిరుగుతున్నాడు, అసలు ముచ్చట చాలాసార్లు ఆ మలుపు తర్వాతే ఉంటుంది. పేరా అయిపోగానే పక్కన మార్జిన్‌లో దాని సంగతి ఒక్క లైన్‌లో రాయాలి, అదీ తెలుగులోనే. చాలామంది ఇంగ్లీష్ పరీక్షకి ఇంగ్లీషులోనే ఆలోచించాలి అంటారు, నేను ఒప్పుకోను, మొదట్లో అర్థమైందో లేదో మనకే తేలాలంటే మన భాషలో ఒక్క లైన్ రాసుకోవడం కంటే మంచి పరీక్ష లేదు. కొన్నాళ్లకి ఆ లైన్ రాయకుండానే మనసులో పడిపోతుంది.

ముందు ప్రశ్నలు చదివి తర్వాత పాసేజీ చదవాలని కొన్ని కోచింగ్‌లలో చెప్తారు. వేగంగా చదివేవాళ్లకి అది పనిచేస్తుందేమో, మాలాంటి వాళ్లకి మాత్రం దానివల్ల చదవడం పోయి వెతకడం మిగులుతుంది. ప్రశ్నలో ఉన్న మాట పాసేజీలో కనపడగానే అదే జవాబు అనుకుని టిక్ పెట్టేస్తాం. పేపర్ సెట్ చేసేవాళ్లకి ఆ సంగతి తెలుసు, తప్పు ఆప్షన్‌లోనే ఆ మాటలు దించుతారు.

ఇక మూసీ పాసేజీ గురించి రాయాలి, మా బ్యాచ్ వాళ్లు ఎవరు కలిసినా ఇది రాకుండా ఉండదు. మేడమ్ సొంతంగా ఇంగ్లీషులో రాసుకొచ్చారు. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చింది, వేలమంది పోయారు, అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. మహబూబ్ అలీ ఖాన్ నిజాం కాలం అది. తర్వాత విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఆయన నది గట్లు కట్టుకుంటే చాలదు, పైన జలాశయాలు కట్టి నీళ్లని అక్కడే ఆపాలన్నారు, అట్లా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చినయ్. ఇంతే. మొదటి ప్రశ్న, ఈ పాసేజీ ముఖ్యంగా దేని గురించి? ఏ ఆప్షన్, వరదలో చాలామంది చనిపోయారు. బీ, విశ్వేశ్వరయ్య గొప్ప ఇంజనీరు. సీ, ఒక వరద తర్వాత ఊరు నదిని చూసే పద్ధతి మారింది, రక్షణ గట్టు దగ్గర కాకుండా ఎగువన మొదలైంది. డీ, ఉస్మాన్ సాగర్ కేవలం తాగునీటి కోసమే కట్టారు.

క్లాసులో దాదాపు అందరూ బీ పెట్టారు. హైదరాబాద్ పిల్లలం, చిన్నప్పటి నుంచి విశ్వేశ్వరయ్య పేరు వింటూ పెరిగినం, వేరే జవాబు ఎట్లా పెడతాం! మేడమ్ మా ముందు బెంచిలో కూర్చునే యాకుత్‌పురా అమ్మాయిని లేపి, "గొప్ప ఇంజనీర్ అని ఏ లైన్‌లో ఉన్నది? లైన్ నంబర్ చెప్పు" అన్నారు. ఆ అమ్మాయి కిందికీ మీదికీ చూసింది, "లేదు మేడమ్, కానీ నిజమే గదా" అంది. "నిజమే బిడ్డా, నేను కాదన్ననా? నీకు తెల్సింది నేను అడుగుతలేను, ఈ కాగితం ఏం చెప్తున్నదో అది చెప్పు" అన్నారు. ఏ కూడా నిజమే, కానీ అది మొదటి రెండు లైన్ల సంగతి, పాసేజీ మొత్తాన్ని మోయదు. డీలో 'కేవలం' అన్న మాట చాలు అనుమానించడానికి, పైగా పాసేజీలో తాగునీటి ఊసే లేదు. సీ ఒక్కటే మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా సరిపోతుంది.

రెండో ప్రశ్న ఇంకా బాగుంటుంది. చెట్టెక్కిన 150 మంది బతికారు అన్న వాక్యం నుంచి మనం ఏం అనుకోవచ్చు? చెట్టు ఎక్కనోళ్లు పోయారు అని సగం మంది. మేడమ్ తల ఊపి, ఎక్కనోళ్ల గురించి పాసేజీ ఏమన్నా అన్నదా, వేరేచోట గోడెక్కి బతికినోళ్లు ఉండరా అన్నారు. అప్పుడు వరంగల్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అబ్బాయి లేచి, చెట్టు కొట్టుకుపోలేదు, ఆ మనుషులు కూర్చున్న కొమ్మల దాకా నీళ్లు రాలేదు, అంతవరకే అనుకోవచ్చు అన్నాడు. ఆ గంటలో ఇన్ఫరెన్స్ అంటే ఏందో మాకు ఎముకల్లోకి ఎక్కింది. రాయని మాట పట్టుకోవాలి, కానీ రాసినదాని మీద నిలబడి పట్టుకోవాలి, ఒక్క అడుగు, రెండో అడుగు వేస్తే మనం కథ అల్లుతున్నట్టే.

టోన్ ప్రశ్నలంటే, అదే రాసినాయన ఏ గొంతుతో అంటున్నడో అడిగేవి, అందరికీ చిరాకు. రాత్రి పదింటికి ఇంటికి పోతే అమ్మ "తొందరగానే వచ్చినవే" అంటది, మాటలు చూస్తే మెచ్చుకున్నట్టే ఉంటయ్, మెచ్చుకున్నదా? అని అడిగి అక్కడి నుంచి మొదలుపెట్టేవారు మేడమ్. రాసినాయన వాడిన విశేషణాలు కింద గీత గీసి, అవి తీసేసి వాక్యం మళ్లీ చదవమనేవారు. తీసేస్తే ఏం పోయిందో అదే టోన్.

చదవడానికి సరుకు కావాలి కదా. కొందరం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీష్ మ్యాగజైన్లు ఏరుకునేవాళ్లం, మిగతా రోజులు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. అక్కడ గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకి చదివే అన్నలు, అక్కలు ఉండేవారు, ఇంగ్లీష్ పేపర్ దొరికితే షీట్లు విడదీసి పంచుకునేవాళ్లం, ఎడిటోరియల్ పేజీ మాకు వదిలేయండి అన్నా అంటే వదిలేసేవారు. పోటీలో ఉన్న మనుషులు అంత మంచిగా ఉంటారని అప్పుడే తెలిసింది.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మే 10న జరగాల్సిన పరీక్ష వాయిదా పడుతూ పడుతూ సెప్టెంబర్ 28కి పోయింది. ఇంట్లో ఒక్క ఫోన్, దాని కోసం తమ్ముళ్లు చెల్లెళ్ల ఆన్‌లైన్ క్లాసులతో కొట్లాట, చాలామంది అప్పుడే వదిలేసేవాళ్లు. వదలకుండా చేసింది మేడమ్ వాట్సాప్ గ్రూప్. పొద్దున్నే చేత్తో రాసిన పాసేజీ ఫొటో, లైన్లకి పక్కన నంబర్లు వేసి పెట్టేవారు. మేము జవాబుతో పాటు అది ఏ లైన్ వల్ల వచ్చిందో నంబర్ పంపాలి, సీ, లైన్ 14 అని. నంబర్ లేకుండా పంపితే జవాబు కరెక్ట్ అయినా దిద్దేవారు కాదు. సెప్టెంబర్‌లో బెంగళూరు నేషనల్ లా స్కూల్ సొంతంగా వేరే పరీక్ష పెట్టడం, సుప్రీంకోర్టు 21వ తేదీన దాన్ని కొట్టేయడం, వాట్సాప్‌లో ఎవరికి తోచింది వాళ్లు ఫార్వర్డ్ చేయడం, అంతా గందరగోళంగా ఉంటే మేడమ్ ఆ తీర్పు వార్తనే పాసేజీ చేసి పంపారు. పుకార్లకి జవాబు చెప్పకుండా మా చేత వార్త సరిగ్గా చదివించారు, మాకు నిమ్మళం దానివల్లే వచ్చింది.

పరీక్ష సెంటర్‌లో మాస్కులు, శానిటైజర్, కంప్యూటర్ ముందు కూర్చోవడం, స్క్రీన్ మీద గీతలు గీయలేం డబ్బాలు కొట్టలేం, అయినా అన్ని నెలలు ఫోన్ స్క్రీన్ మీదే చదివి ఉన్నాం కాబట్టి ఇబ్బంది కాలేదు. మూసీ వరద వచ్చిన తేదీ నాడే మా పరీక్ష పడిందని వరంగల్ అబ్బాయి గేటు దగ్గర గుర్తు చేశాడు, అందరం నవ్వుకుంటూ లోపలికి పోయాం. ర్యాంకుల సంగతి ఇక్కడ రాయను. కొందరికి నేషనల్ లా యూనివర్సిటీల్లో సీట్లు వచ్చినయ్, కొందరు లాసెట్‌తో ఇక్కడే చేరారు, యాకుత్‌పురా అమ్మాయి లా కాకుండా తార్నాకలో ఇఫ్లూకి, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీకి పోయింది, మా అందరిలో గట్టిగా చదివేది ఆ అమ్మాయే.

నేను ఇప్పుడు హైకోర్టులో జూనియర్‌ని, మూసీ ఒడ్డునే. పని చాలావరకు చదవడమే, ఒక తీర్పు యాభై అరవై పేజీలు ఉంటుంది, దాంట్లో కోర్టు నిజంగా తేల్చింది కొన్ని పేరాల్లోనే ఉంటుంది, మిగతాది రెండు పక్షాల వాదనలు, పాత కేసుల ప్రస్తావనలు. లాయర్ వాదించిన మాటని కోర్టు చెప్పిన మాట అనుకుని చూపిస్తే ఎదుటి పక్షం అక్కడే పట్టుకుంటుంది. మా సీనియర్‌కి ఏదన్నా చెప్తే మొదటి ప్రశ్న "పేరా నంబర్ ఎంత?" నాకు ఆ ప్రశ్న కొత్తగా అనిపించలేదు, ఇంటర్‌లోనే అలవాటైంది.

ఇప్పుడు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రెండు ముక్కలు. 2024 క్లాట్ నుంచి ప్రశ్నలు 120కి తగ్గాయి, టైం మాత్రం రెండు గంటలే, అంటే ప్రశ్నకి పూర్తిగా నిమిషం ఉంది, ఇంగ్లీష్ 22 నుంచి 26 ప్రశ్నలు. మళ్లీ పెన్నూ పేపరే కాబట్టి గీతలు గీసుకోవచ్చు. పరీక్ష కూడా డిసెంబర్‌లోనే అయిపోతోంది, ఇంటర్ సెకండియర్ మధ్యలో, కాబట్టి ఫస్టియర్‌లోనే మొదలుపెట్టాలి. మేడమ్ పాసేజీలు నా దగ్గర ఉన్నవన్నీ ఒక ఫైల్ చేసి ఆవిడని అడిగే కాలేజీ లైబ్రరీలో ఇచ్చాను, జవాబుల కీ వేరే కవర్‌లో ఉంటుంది, ముందే తెరవొద్దు. ఆదివారం కోర్టు ఉండదు, కూర్చుని చేద్దాం అనుకునేవాళ్లు నలుగురున్నా చాలు, కాలేజీ ఆఫీసులో చెప్పి పెట్టండి, నేను వస్తా.