అక్క ఫోన్‌లో 154, నా ఫోన్‌లో 100

మొన్న డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున్నే న్యూజెర్సీ నుంచి అక్క ఫోన్ చేసి, ఒరేయ్ హైదరాబాద్‌లో గాలి ఎంత బాగుందో చెప్పే ఇండెక్స్ 154 ఉంది, ఎర్రగా చూపిస్తోంది, నాన్నని వాకింగ్‌కి పంపకు అంది. నాన్నకి ఆయాసం ఉంది కాబట్టి నేనూ కంగారుపడి మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ సమీర్ యాప్ తీసి చూస్తే 100, లేత ఆకుపచ్చ, అంటే పర్లేదు అన్నమాట. నీ యాప్ తప్పంటే నీ యాప్ తప్పని కాసేపు ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం.

తర్వాత కూర్చుని గాలిని కొలిచే స్టేషన్ డేటా తీస్తే రెండు యాప్‌లకీ వెనకున్నది ఒకటే నంబర్, పీఎం 2.5 అంటే గాలిలో తేలే అతి సన్నటి ధూళి కణాలు, క్యూబిక్ మీటర్‌కి 60 మైక్రోగ్రాములు. గాలి ఒకటే, దాన్ని కొలిచే స్కేలు మాత్రం దేశానికొకటి. మన దగ్గర 24 గంటల సగటు 60 వరకు "సంతృప్తికరం", ఎందుకంటే 2009లో పెట్టుకున్న మన ప్రమాణమే 60. అమెరికా స్కేల్‌లో 55 దాటగానే ఎర్ర రంగు. అదే 60ని చైనా 2012లో పెట్టుకున్న లెక్కలో వేస్తే 82 వస్తుంది, బ్రిటన్‌లో అయితే అసలు స్కేలే 1 నుంచి 10, అక్కడ 8. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన 24 గంటల పరిమితేమో 15! నాన్న ఊపిరితిత్తులకి ఇవన్నీ తెలీదు కదా, వాటికి వెళ్ళేది ఆ 60 మైక్రోగ్రాములే.

ఇంకో సంగతి నన్ను బాగా ఆలోచనలో పడేసింది. గాలి మరీ పాడైపోతే రెండు స్కేళ్ళూ దాదాపు ఒకే మాట చెప్తాయి. 2023 జూన్‌లో కెనడా అడవుల పొగ వచ్చి అక్కావాళ్ళ దగ్గర ఆకాశం నారింజ రంగులోకి మారింది కదా, అలాంటి గాలిని మన లెక్కలో వేసినా పైమెట్లలోనే పడుతుంది. తేడా అంతా మధ్యలో వస్తోంది, 35 నుంచి 90 మధ్య, అంటే హైదరాబాద్ చలికాలంలో మనం మామూలుగా పీల్చే గాలి దగ్గరే. భయపడాలో వద్దో తేల్చుకోవాల్సిన చోటే మనకి రెండు రకాల జవాబులు వస్తున్నాయి.

పోనీ ఒకే దేశంలో అయినా పాత ఇండెక్స్‌ని కొత్తదానితో పోల్చొచ్చా అంటే అదీ కుదరదు, 2024 మేలో అమెరికా వాళ్ళు "బాగుంది" అనే హద్దుని 12 నుంచి 9కి దించారు, దాంతో 10 మైక్రోగ్రాములున్న గాలి ఇండెక్స్‌లో అంతకుముందు 42, ఆ తర్వాత 53, గాలిలో ఏ మార్పూ లేకుండానే ఆకుపచ్చ కాస్తా పసుపు అయిపోయింది.

నాకు పట్టుదల వచ్చి సనత్‌నగర్ స్టేషన్ డేటానీ అక్కావాళ్ళ దగ్గరి స్టేషన్ డేటానీ ఒకే షీట్‌లో పెట్టి చూద్దామనుకున్నా, అప్పుడు తెలిసింది అసలు కష్టం. వాళ్ళు ఓజోన్ వాయువుని పీపీఎంలో (పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాలు అని) ఇస్తారు, మనం మైక్రోగ్రాముల్లో, ఒకదాన్నించి ఇంకోదానికి మార్చాలంటే ఎంత ఉష్ణోగ్రత దగ్గర అన్నది కూడా కావాలి, యూరప్‌లో 20 డిగ్రీలు తీసుకుంటారు, వేరేచోట్ల 25. మన టైం అంతర్జాతీయ టైంకి అయిదున్నర గంటలు ముందు, ఆ అరగంట వల్ల గంటగంటకీ తీసిన సగటులు ఒకదానికొకటి సరిపడవు. మిషన్ ఆగిపోయినప్పుడు ఒక ఫైల్‌లో ఖాళీ, ఇంకోదాంట్లో రీడింగ్ లేదు అనడానికి గుర్తుగా -999, అది గమనించకుండా సగటు తీస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, నాకు ఒక ఆదివారమంతా దానికే పోయింది. ఓపెన్‌ఏక్యూ లాంటివాళ్ళు 2015 నుంచి దేశదేశాల స్టేషన్ల లెక్కలు ఒకచోట చేర్చి ఎవరైనా వాడుకునేలా పెడుతున్నారంటే దాని వెనక ఎంత చాకిరీ ఉందో అప్పుడే అర్థమైంది, వాళ్ళ మీద నాకు నిజంగా గౌరవం పెరిగింది.

నేననేదేంటంటే ప్రతి దేశమూ తన రంగులు తను పెట్టుకోనీ, కానీ రంగు పక్కనే అసలు మైక్రోగ్రాములు, ఎన్ని గంటల సగటు, ఏ మిషన్‌తో కొలిచారు అనేవి కూడా అంతే పెద్ద అక్షరాల్లో చూపించాలి. మూడు క్లిక్కుల లోపల దాచిపెడితే మామూలు మనిషికి ఎలా దొరుకుతాయి?

ఇప్పుడు మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఇండెక్స్ పెట్టడం మానేశాం, అక్కా నేనూ మైక్రోగ్రాములే పెడుతున్నాం, పక్కనే స్టేషన్ పేరు, టైం. 40 దాటిన రోజున నాన్న పొద్దున్నే వెళ్ళకుండా బాగా ఎండెక్కాక వెళ్తున్నారు.