చెంబు సొట్ట

అనంతపురంలో మా వంటింటి గట్టు మీద పొద్దున తీసిన ఫొటో: నీళ్ల గ్లాసు, స్టీలు చెంబు, మూడు నిమ్మకాయలు. దాన్నే కంప్యూటర్లో, బ్లెండర్ అనే 3D బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో, వెలుగు కిరణాల దారి లెక్కగట్టి బొమ్మ గీసే రే ట్రేసింగ్‌తో మళ్లీ చేద్దామని కూర్చున్నా. నిమ్మకాయలు గంటలో అయిపోయాయి. చెంబే ప్రాణం తీసింది. ఎంత చేసినా అంగట్లో కొన్నట్టు తళతళలాడుతోంది!

అమ్మ తొంగి చూసి "ఇది మన చెంబు కాదు. సొట్ట యాడ పోయిందిరా?" అంది. నిజమే కదా. సొట్ట పెట్టి, పీచుతో తోమిన సన్న గీతలు వేశాక దారికొచ్చింది.

గ్లాసుతో ఇంకో తంటా. వెలుగు ఎంత వంగాలో చెప్పే వక్రీభవన గుణకం గాజుకు 1.5, నీళ్లకు 1.33 సరిగ్గానే ఇచ్చా. అయినా గట్టు మీద పడే వెలుగు మరక చుక్కలు చుక్కలుగా వస్తోంది. కెమెరా నుంచి వెనక్కి బయల్దేరిన కిరణం గాజులో వంగి వంగి సూర్యుణ్ని దొరకబుచ్చుకోవాలి మరి. శాంపిల్స్, అంటే ఒక్కో పిక్సెల్‌కు వదిలే కిరణాలు, 4096 పెట్టి పడుకున్నా.

తెల్లారి చూస్తే కరెంటు పోయి సగంలో ఆగింది. సొట్ట మాత్రం అచ్చం మన సొట్టే.