సలసల మరిగితేనే లెక్క

మా వెనక ప్యాటియోలో ఉన్న ప్రొపేన్ పొయ్యి మేం కొన్నది చేపల వేపుడు కోసం. ఒహాయోలో నవంబర్ నుంచి మార్చి దాకా కిటికీలు తీయలేం. ఇంట్లో పోపు పెట్టినా, చేప వేయించినా ఆ వాసన క్లోజెట్‌లో వేలాడే కోట్లకు పట్టేస్తుంది. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి వచ్చి, జాకెట్ విప్పి నా చేతిలో పెట్టి, "వాసన చూడమ్మా" అంది. ఇంకేమీ అనలేదు. ఆ శనివారమే వెళ్ళి పొయ్యి కొనుక్కొచ్చాం. మూడు కాళ్ళ ఇనప స్టాండు, ఒకే బర్నర్, గ్రిల్‌కి వాడే 20 పౌండ్ల సిలిండర్. కొలంబస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి బయటి పొయ్యిలు చాలానే చూశాను. వినాయక చవితికి పులిహోర, పాతికమంది వస్తే బిర్యానీ, అన్నీ దాని మీదే. పనికి బాగానే ఉండేది కానీ, నా మనసులో మాత్రం ఏదో గుచ్చుకునేది. మన వంటని ఇంట్లోంచి వెళ్ళగొట్టినట్టు ఉండేది.

పోయిన సెప్టెంబర్‌లో అదే పొయ్యి దగ్గర మా అమ్మా, మా అమ్మాయీ ఒక సాయంత్రం అంతా కూర్చుని పనిచేశారు. దాని గురించే ఈ రాత.

మా అమ్మాయి రెండేళ్ళుగా ఫోర్ హెచ్ క్లబ్‌లో ఉంది. సాగు, పశువుల పెంపకం, వంట లాంటివి పిల్లలు చేతులతో చేసి నేర్చుకునే క్లబ్ అది. చేరతానన్నప్పుడు నేను ఒప్పుకోలేదు. ఆవులు, మేకలు, కౌంటీ ఫెయిర్... అది వాళ్ళ పల్లెటూళ్ళ వ్యవహారం, మనకెందుకు అనుకున్నాను. శనివారం డాన్సు, ఆదివారం తెలుగు బడి, మధ్యలో ఇంకోటి ఎక్కడ పెడతాం అని కూడా వాదించాను. అసలు సంగతి అది కాదు. పిల్ల రోజురోజుకీ అటువైపు జరిగిపోతోందని లోపల దిగులు. అది మాత్రం "స్ప్రింగ్‌ఫీల్డ్ మన ఇంటికి గంట దూరమే కదమ్మా, ఇది మొదలైంది అక్కడే" అంటూ నాకు పాఠం చెప్పింది. 1902లో ఎ.బి. గ్రాహం అనే బడి సూపరింటెండెంట్ అక్కడి పల్లె పిల్లలతో మొదలుపెట్టిన క్లబ్బే తర్వాత ఫోర్ హెచ్ అయిందట. సరే, చేరింది. మొన్న జూన్‌లో స్ట్రాబెర్రీ జామ్ చేసి సీసాల్లో పట్టడం నేర్చుకుంది. అంటే సీసాల్లో నింపి, మూత పెట్టి, నీళ్ళలో మరిగించి నిలవ చేయడం. ఇక్కడ క్యానింగ్ అంటారు. సెప్టెంబర్‌కి టమాటాలు పడతానంది.

మా అమ్మ అప్పటికి నాలుగు నెలలుగా మాతో ఉంది. తెనాలి దగ్గర పల్లెటూరు ఆవిడది. ఏటా వేసవిలో నాలుగు జాడీల ఆవకాయ పెట్టి, వాసెన కట్టి, ఇంటిల్లిపాదికీ ఏడాది పొడుగునా సరిపెట్టిన మనిషి. ఇక్కడ మాత్రం పొద్దున్నే కాఫీ తాగి కిటికీ దగ్గర కూర్చునేది. నడిచి వెళ్ళడానికి ఏమీ లేదు, మాట్లాడటానికి ఎవరూ లేరు. మనవరాలితో మాట్లాడదామంటే, అది మూడు వాక్యాలు తెలుగులో మొదలుపెట్టి నాలుగోది నా వైపు తిరిగి ఇంగ్లీషులో ముగించేది. నేను అటూ ఇటూ మోసేదాన్ని.

లేబర్ డే సెలవు రోజున 22 పౌండ్ల టమాటాలు తెచ్చాం. అంటే పది కిలోలు. ఏడు క్వార్ట్ సీసాలకి సరిగ్గా అంత పడుతుందని మా అమ్మాయి పుస్తకంలో ఉంది. క్వార్ట్ అంటే లీటరుకి కొంచెం తక్కువ. మా అమ్మ బుట్టలో చెయ్యి పెట్టి, "రామ్ములక్కాయలు బలే ఉన్నాయే" అంది. మా అమ్మాయికి ఆ మాట తెగ నచ్చింది. అమ్మమ్మ ఒక కొత్త మాట ఇచ్చింది కాబట్టి అదీ ఒక సంగతి ఇచ్చింది. కొలంబస్ పక్కనున్న రేనాల్డ్స్‌బర్గ్‌లో లివింగ్‌స్టన్ అనే ఆయన ఏళ్ళ తరబడి విత్తనాలు ఎంచి, 1870లో పారగాన్ అనే నున్నటి టమాటాని తెచ్చాడని, ఒహాయో రాష్ట్ర పానీయం టమాటా రసమేనని చెప్పింది. "రసమా? చారా?" అని అమ్మ ఆశ్చర్యపోయింది. చారు కాదు, జ్యూస్ అని తేల్చుకోవడానికి ఇద్దరికీ కాస్త టైమ్ పట్టింది. నేను కలగజేసుకోలేదు.

ఇంట్లో గ్లాస్ టాప్ స్టవ్. ఏడు సీసాలు, వాటి మీద రెండంగుళాలు నీళ్ళు నిలిచే గిన్నె బరువుకి అది పనికిరాదని దాని మాన్యువల్‌లోనే రాసి ఉంది. అందుకే బయటి పొయ్యి. గాలి వీస్తోందని గరాజ్‌లో పెట్టుకుందామన్నాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. షట్టర్ పూర్తిగా ఎత్తినా సరే, మండే ప్రొపేన్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ గరాజ్‌లో పేరుకుంటుంది, దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఈ మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చలికాలం మనవాళ్ళు ఎంతోమంది గరాజ్‌లోనే వేపుళ్ళు కానిస్తుంటారు. నేనూ కానిచ్చాను. దయచేసి మానేయండి. పొయ్యిని గోడకి పది అడుగుల దూరంలో, చెక్క డెక్ మీద కాకుండా సిమెంటు నేల మీద పెట్టాం. గ్యాస్ లీకవుతోందేమో చూడ్డానికి మా చిన్నోడు సబ్బునీళ్ళు తెచ్చి ట్యూబు అతుకుల దగ్గర పూశాడు. బుడగలు రాలేదు. వెలిగించాం.

టమాటాల్ని మరిగే నీళ్ళలో నిమిషం లోపు ముంచి, చన్నీళ్ళలో వేస్తే తొక్క చేతికే వచ్చేస్తుంది. ఆ పని అమ్మది. మొదటి కాయ తొక్క ఒక్క లాగుడుకి ఊడిపోయేసరికి, వారాలుగా చూడని నవ్వు ఆవిడ ముఖంలో చూశాను. మా అమ్మాయి ముక్కలు చిదిమి గిన్నెలో వేసి కలుపుతూ, పుస్తకంలో చూసి ఆగిపోయింది. "అమ్మమ్మా, రోలింగ్ బాయిల్‌కి తెలుగులో ఏమంటారు?"

"నీళ్ళు ఎట్లా ఉంటాయో చెప్పు తల్లీ, పేరు నేను చెప్తా."

"పెద్ద పెద్ద బబుల్స్. ఆగవు. గరిటె పెట్టి కలిపినా ఆగవు."

"సలసల మరగడం అంటారు. ముందు గోరువెచ్చన. తర్వాత కాగుతాయి. తర్వాత మరుగుతాయి. బాగా మరిగితే సలసల." ఆవిడ గిన్నెలో గుజ్జు వైపు చూపించింది. "ఇది మాత్రం సలసల కాదు. చిక్కగా ఉంది కదా, కుతకుత."

మా అమ్మాయి పుస్తకం అంచున పెన్సిల్‌తో రెండు మాటలూ తెలుగులోనే రాసుకుంది. "కుతకుత" తప్పు లేకుండా రాసింది. మూడేళ్ళు తెలుగు బడిలో కూర్చున్నా, ఇంట్లో తెలుగే మాట్లాడాలని నేను ఎంత సతాయించినా, మరుగు అనే మాట దాని నోట ఎప్పుడూ వినలేదు. ఎందుకు వింటాను? దానికి ఆ మాటతో పనేముంది? ఆ సాయంత్రం పని పడింది. ఆ ఒక్క మాట సరిగ్గా తెలియకపోతే సీసాలు పాడవుతాయి.

సీసాల్లో నిమ్మరసం వేసే దగ్గర పేచీ వచ్చింది. క్వార్ట్‌కి రెండు టేబుల్ స్పూన్లు, అదీ కొట్లో అమ్మే సీసా రసం. ఇంట్లో అరడజను నిమ్మకాయలుండగా సీసా రసమేమిటని అమ్మ కత్తిపీట కోసం చూసింది. కాయకీ కాయకీ పులుపు మారుతుంది, సీసా రసంలో పులుపు ఎప్పుడూ ఒకటే, అందుకని చెప్పింది పిల్ల. ఈ కాలపు టమాటాల్లో కొన్నింటికి పులుపు చాలదు. గాలి లేని సీసాలో, పులుపు చాలకపోతే, మరిగే నీళ్ళకి కూడా చావని ఒక క్రిమి విత్తనం లేచి విషం పుట్టిస్తుంది. బోటులిజం అంటారు. మనుషులు చచ్చిపోతారు. పులుపుని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4.6కి మించకుండా ఉంటే ఆ క్రిమి పెరగదు.

"పాడైతే వాసన తెలుస్తుందిగా" అంది అమ్మ.

"తెలీదు అమ్మమ్మా. వాసన రాదు. రంగు మారదు."

అమ్మ చేతిలో నిమ్మకాయ అలాగే ఉండిపోయింది. యాభై ఏళ్ళుగా జాడీ మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది బాగుంది, ఇది పోయింది అని చెప్పిన మనిషి. కాసేపటికి నిమ్మకాయ బుట్టలో పెట్టేసి, "ఉప్పో?" అంది. ఉప్పు రుచికే, ఇందులో నిలవకి దానితో పనిలేదని చెబితే మళ్ళీ ఆశ్చర్యం. ఆవకాయలో నిలవంతా ఉప్పుదీ, పులుపుదీ, తడి లేకపోవడానిదీ. ఇక్కడేమో సీసాని నిండా నీళ్ళలో ముంచి మరిగిస్తున్నారు. తడి తగలకూడదని జన్మంతా కాపలా కాసిన చేతులకి ఇది ఎంత కొత్తగా ఉండి ఉంటుంది!

మా ఊరు సముద్రమట్టానికి వెయ్యి అడుగుల లోపే, కాబట్టి క్వార్ట్ సీసాలకి 45 నిమిషాలు. ఎత్తు పెరిగేకొద్దీ టైమ్ పెంచాలి. నీళ్ళు సలసల మరిగాక ఫోన్‌లో టైమర్ పెట్టి, ముగ్గురం కుర్చీలు వేసుకున్నాం. సౌత్ కరోలైనాలోని ఐకెన్‌లో 1910లో మేరీ క్రోమర్ అనే పంతులమ్మ ఆడపిల్లల చేత తలా పది సెంట్లలో టమాటా వేయించి, క్లబ్బు పెట్టిన కథ చెప్పింది మా అమ్మాయి. వాళ్ళు కూడా ఇలాగే ఆరుబయట పొయ్యిలు పెట్టుకుని డబ్బాల్లో పట్టి అమ్ముకునేవాళ్ళట. "పది సెంట్లా? మన పెరడంత" అంది అమ్మ. ఎకరంలో పదో వంతుని సెంట్లలోకి మార్చి చెప్పడం ఒక్కటే ఆ సాయంత్రం నేను చేసిన అనువాదం.

31వ నిమిషంలో మంట చిన్నదైంది. సిలిండర్ అయిపోవచ్చింది. నీళ్ళ మీద బుడగలు తగ్గి, గిన్నె నిశ్శబ్దమైపోయింది. "అమ్మా, సలసల ఆగిపోయింది" అని అరిచింది పిల్ల. మావారు పరుగున వెళ్ళి గ్రిల్ సిలిండర్ ఊడదీసి తెచ్చి బిగించారు. మళ్ళీ సబ్బునీళ్ళు, మళ్ళీ వెలిగించడం. నీళ్ళు తిరిగి మరిగేసరికి పావుగంట పట్టింది. చీకటి పడుతోంది, దోమలు, మర్నాడు బడి.

"31 అయ్యాయిగా, ఇంకో 14 పెట్టు" అన్నాను.

"కాదు. మొదటినుంచి 45."

"14 చాలమ్మా, ఇంతసేపూ వేడిగానే ఉంది కదా."

"ఆగితే మొదటినుంచీ లెక్కపెట్టాలి. రూల్." దాని గొంతు వణికింది, కానీ టైమర్ మీద వేలు తీయలేదు. నాకు కోపం వచ్చింది. గట్టిగానే ఏదో అన్నాను.

అమ్మ కుర్చీలోంచే అంది. "దాన్ని చెయ్యనీవే. నువ్వు తొమ్మిదేళ్ళప్పుడు తడిచేత్తో కొత్తావకాయ జాడీలో ముక్క తీస్తే నేనేం చేశాను? ఇంత కాస్త తడేగా అని ఊరుకున్నానా? ఆ జాడీ పక్కన పెట్టి, నెల్లోపు అదే వాడించేశాను. ఇంటినిండా జనం, నాలుగు జాడీల్లో ఒకటి పోయింది."

నాకు గుర్తుంది. ఆ రోజు అమ్మ నన్ను కొట్టలేదు. కొడితే బావుండునని ఏడ్చాను. ఆ ఏడాది ఆవకాయ ఫిబ్రవరికే అయిపోయింది.

మళ్ళీ 45 నిమిషాలు కూర్చున్నాం. మా అమ్మాయి వెళ్ళి అమ్మమ్మ కుర్చీ చేతి మీద కూర్చుంది. తడిచేత్తో ముట్టుకుంటే ఏమవుతుంది అని అడిగింది. బూజు పడుతుంది. ఎందుకు పడుతుంది? ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర ఒక జవాబు, దీని దగ్గర ఒక జవాబు. రెండూ పక్కపక్కనే కూర్చుని చెప్పుకున్నారు, సగం తెలుగులో, సగం చేతులతో.

సీసాలు పటకారుతో తీసి తువ్వాలు మీద పెట్టాం. చల్లటి గట్టు మీద పెడితే పగిలిపోతాయి. చల్లారుతుంటే మూత మధ్యలో ఉన్న బుడిపె లోపలికి దిగి "టింగ్" మంటుంది. సీసా బిగిసిందన్న మాట. అమ్మ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. ఆరు పలికాయి. పొద్దున్నే లేచి చూస్తే ఏడోది నొక్కితే లేస్తోంది. "ఇది ముందు వాడేయాలి" అని మా అమ్మాయి ఫ్రిజ్‌లో పెడుతుంటే, అమ్మ నా వైపు చూసింది. ఆ సాయంత్రం టమాటా పప్పు.

నాకు ఇంకో కోరిక ఉండేది. అమ్మ చేతి టమాటా నిలవ పచ్చడి కూడా సీసాల్లో పట్టించాలని. అమ్మ అక్టోబర్ చివర వెళ్ళిపోతుంది, ఆ రుచి ఏడాదంతా అల్మారాలో ఉంటుందని ఆశ. మా అమ్మాయి కుదరదంది. నూనె, వెల్లుల్లి ఉన్న పచ్చడికి పరీక్ష చేసి నిర్ణయించిన కొలతలూ నిమిషాలూ ఏవీ దాని పుస్తకంలో లేవు. మనకి మనం ఊహించి పెట్టకూడదు. నా ప్రెజర్ కుక్కర్ తీస్తే అదీ పనికిరాదంది. క్యానింగ్‌కి వాడే కుక్కర్ వేరు, దాన్ని ఇలాంటి పెద్ద మంట ప్రొపేన్ పొయ్యి మీద పెట్టడమూ మంచిది కాదు. బతిమాలాను. కాదంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పచ్చడి గురించి కాదని దానికీ తెలుసు. అది వెళ్ళి చిన్న చిన్న డబ్బాలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి తెచ్చి, "ఫ్రీజర్‌లో పెడదాం అమ్మా, ఒక్కోటి ఒక్కోసారికి" అంది. అమ్మ పచ్చడి నూరింది. పదకొండు డబ్బాలు అయ్యాయి.

జనవరిలో బయట మంచు మోకాలిలోతు ఉన్న ఆదివారం మొదటి సీసా తీశాం. తెనాలిలో రాత్రి తొమ్మిదయింది. మా అమ్మాయి ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, సీసాని కెమెరాకి చూపించింది. సీసా మీద చీటీలో దాని దస్తూరీలో "రామ్ములక్కాయ" అని ఉంది.

"మూత నొక్కి చూశావా?" అంది అమ్మ, పలకరింపు కూడా లేకుండా.

"చూశాను. లేవలేదు."

"సరే, తియ్యి."

"ఆగు అమ్మమ్మా" అని పిల్ల చేతులు పొడిగుడ్డతో తుడుచుకుని, అప్పుడు మూత తీసింది. గిన్నెలో పోసి, ఫోన్‌ని పొయ్యి దగ్గరగా జరిపింది, వినబడాలని.

"ఇంకా కాలేదు, అది కాగుతోంది అంతే" అంది అమ్మ. "కరివేపాకు ఉందా?"