హోర్తోబాజ్ చలిలో ఉన్ని పందులు

జనవరిలో హంగరీలోని దెబ్రెత్సెన్ నుంచి పడమరగా హోర్తోబాజ్ మైదానంలోకి వెళ్తుంటే దారికి ఇరువైపులా మంచు తప్ప మరేమీ కనిపించలేదు. ఊరికి దూరంగా, పొలం మధ్యనే ఇల్లు కట్టుకుని చేసుకునే కమతాన్ని అక్కడ ‘తాన్య’ అంటారు. నన్ను రమ్మన్న వృద్ధ దంపతులు తమ తాన్యలో మంగలిత్స జాతి పందులను పెంచుతున్నారు. గేటు దగ్గరే పెద్దాయన నా బూట్లు విప్పించి, తమ రబ్బరు బూట్లు తొడిగించి, గడ్డకట్టకుండా అప్పుడే ఇంట్లోంచి తెచ్చిన మందునీళ్లలో రెండు కాళ్లూ ముంచమన్నాడు. 2018లో ఆ దేశపు అడవిపందుల్లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే, పందుల ప్రాణం తీసే అంటువ్యాధి బయటపడింది. దొడ్డి చుట్టూ రెండు వరుసల కంచె ఉన్నదీ ఆ భయంతోనే.

దూరం నుంచి గొర్రెలనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే, ఉంగరాలు తిరిగిన వెంట్రుకల కొసల మీద మంచు పొడిలా నిలిచి ఉంది. వేళ్లతో ఆ ఉన్నిని పాయ తీసి చూస్తే లోపలి చర్మం పొడిగా, వెచ్చగా తగిలింది. ఒంటి వేడి బయటికి పోవడం లేదు కనుకనే వీపు మీది మంచు కరగడం లేదని అప్పుడు అర్థమైంది.

కొవ్వు కోసం పెంచే ఈ పందిని 19వ శతాబ్దంలో రూపొందించారు. వంటనూనెలు వచ్చి పందికొవ్వుకు గిరాకీ తగ్గాక, త్వరగా ఎదిగి ఎక్కువ పిల్లలను ఈనే జాతుల ముందు ఇది నిలవలేకపోయింది. 1990ల ఆరంభానికి దాదాపు అంతరించే స్థితికి చేరింది. ఈతకు అయిదారు పిల్లలే పుట్టే ఈ జాతిని పట్టుకుని ఉండటానికి లెక్కలు చూసుకునే మనసు సరిపోదు.

పందుల పాకకు మూడు వైపులే గోడలున్నాయి. దక్షిణం పూర్తిగా తెరిచి ఉంది. లోపల మోకాటి లోతు గోధుమగడ్డి పరిచారు. ఆ రాత్రి చలి మరీ పెరగడంతో, అడగకుండానే (అతిథి చేయకూడని పని) ఒక పెద్ద పట్టాతో ఆ తెరపిని మూసి వచ్చాను. తెల్లవారి చూస్తే పైకప్పు నుంచి నీటిబొట్లు రాలుతున్నాయి, గడ్డి చెమ్మగిల్లింది, పందులు పట్టాను ఒక మూల చింపుకుని బయట నిలబడి ఉన్నాయి. పెద్దాయన ఒక్క మాటా అనకుండా పట్టా తీసి, తడి గడ్డిని పారతో ఎత్తిపోయసాగాడు. పందుల ఊపిరిలోని ఆవిరి బయటికి పోయే దారి లేక కప్పుకు పట్టి నీరవుతుందనీ, తడి గడ్డి మీద పడుకుంటే ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయనీ, ఈ జంతువులకు చలికన్నా చెమ్మే ప్రమాదమనీ పెద్దావిడ ఓపికగా చెప్పింది.

తప్పు దిద్దుకోవడానికి మిగిలిన మూడు రోజులూ నీళ్లు మోశాను. చలికాలపు చాకిరీలో అసలు బరువు అదే. తొట్టిలో నీరు గడ్డకడితే పందులు తాగలేవు, తాగకపోతే మేత కూడా సరిగా తినవు. అందుకే పొద్దునా సాయంత్రమూ మంచుగడ్డ పగలగొట్టి, గోరువెచ్చని నీళ్లు పోయాలి. ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి వాటికి మేతా ఎక్కువే కావాలి కనుక మొక్కజొన్న, బార్లీ పాళ్లు పెంచుతారు. పుట్టిన పిల్లలు మాత్రం ఈ చలికి తట్టుకోలేవు. చూలు దాదాపు 114 రోజులు కాబట్టి, నవంబరు చివర పోతుతో కలిపితే మార్చి మూడో వారానికి ఈనుతాయని పెద్దాయన గోడ క్యాలెండర్ మీద వేలితో చూపించాడు.

బయలుదేరే ఉదయం, కొత్త గడ్డి వేసిన పాకలో పందులు లేచిన చోట మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాను. అడుగున వెచ్చగా ఉంది, పొడిగా ఉంది.