ఐదింటి కూలీలు

శనివారం సాయంత్రం ఆటలు అయ్యాక హాస్టల్లో మాకు అరగంట పఠనాల క్లాసు ఉండేది. మర్నాడు చర్చి పూజలో చదవబోయే బైబిలు వాక్యాలు ముందురోజే చదివి, ఆ వారంలో మన కంటపడిన ఒక్క సంగతి చెప్పాలి. దానికో నోటుబుక్కు. ఎడమ పేజీలో వాక్యం, కుడి పేజీలో మనం చూసింది.

సిస్టర్ షరతు ఒక్కటే. ‘కాబట్టి మనం కూడా’ అనే మాట కుడి పేజీలో కనబడకూడదు. కనబడితే ఎర్ర సిరాతో కొట్టేసేవారు. “నీతులు నాకూ వచ్చమ్మా. నువ్వు చూసింది చెప్పు,” అనేవారు. మొదట్లో మా కుడి పేజీలన్నీ ఖాళీయే. నీతి తీసేస్తే చెప్పడానికి మా దగ్గర ఏముంటుంది?

1996 సెప్టెంబరు, నేను తొమ్మిదో తరగతి. ఆ ఆదివారం సువార్త మత్తయి 20వ అధ్యాయం, ద్రాక్షతోట కూలీల కథ. తెల్లవారగానే పనిలోకి దిగినవాళ్లకూ, సాయంత్రం ఐదింటికి వచ్చినవాళ్లకూ యజమాని ఒకే దేనారం, అంటే ఒక రోజు కూలి, ఇస్తాడు. ముందొచ్చినవాళ్లు గొణుగుతారు. ‘దేవుడు దయామయుడు’ అని కుడి పేజీలో రాసి చేతులు దులిపేసుకున్నాను.

ఆ శనివారం సాయంత్రం త్రోబాల్ ఆటలో ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినే పిలుచుకుంటూ పోయారు. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. “నువ్వు తీసుకో,” అంది ఒకామె. “మాకు సరిపోయార్లే,” అంది రెండో ఆమె. నెట్టు కర్ర పక్కన నిలబడి జడ రిబ్బను కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఆటంతా చూశాను.

తర్వాత క్లాసులో సిస్టర్ ఏడో వచనం చదివించారు. పొద్దస్తమానం ఊరికే ఎందుకు నిలబడ్డారని యజమాని అడిగితే, మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదని వాళ్లంటారు. అప్పటిదాకా నా దృష్టిలో వాళ్లు ఆలస్యంగా నిద్ర లేచిన సోమరిపోతులు. పాత వాక్యం నేనే కొట్టేసి, కింద ఇలా రాశాను: ‘ఐదింటి కూలీలకు అప్పటికే కాళ్లు లాగుతుంటాయి.’ సిస్టర్ చదివారు. టిక్కు పెట్టలేదు, కొట్టెయ్యనూ లేదు. నోటుబుక్కు నా చేతికిచ్చి తర్వాతి పిల్లని పిలిచారు.

ఈ పఠనాలు ఎవరు ఎంచుతారని అప్పట్లో మాకు పెద్ద సందేహం. విశ్వాసులకు బైబిలు ఇంకా విరివిగా వినిపించాలని కతోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1963లో కోరింది. అంతకుముందు ఏటా అవే పఠనాలు తిరిగి వచ్చేవి. 1969 ఆగమనకాలం (క్రిస్మస్‌కు ముందు వారాలు) నుంచి కతోలిక సంఘంలో మూడేళ్ల పట్టిక మొదలైంది. ఒక ఏడు మత్తయి, తర్వాత మార్కు, ఆ తర్వాత లూకా. ప్రొటెస్టెంటు సంఘాలు చాలావాటిలో వాడే 1992 నాటి ఉమ్మడి పట్టికదీ ఇదే వరుస. మార్కు సువార్త చిన్నది కాబట్టి ఆ ఏడు మధ్యలో ఐదు ఆదివారాలు యోహాను 6వ అధ్యాయానికి ఇస్తారు. వారం వారం రొట్టె గురించే. మేం దాన్ని రొట్టెల నెల అనేవాళ్లం. మామూలు ఆదివారాల్లో పాత నిబంధన నుంచి వచ్చే మొదటి పఠనం సువార్తకు జంటగా వస్తుంది, అపొస్తలుల లేఖల నుంచి వచ్చే రెండో పఠనం మాత్రం తన దారిన తాను పోతుంది. కూలీల కథకు జంట యెషయా ప్రవక్త గ్రంథం 55వ అధ్యాయం: నా తలపులు మీ తలపులు కావంటాడు ప్రభువు.

నాకు ఈ పద్ధతే నచ్చింది. వాక్యం నేను ఎంచుకుంటే నాకు అనుకూలమైనదే ఎంచుకుంటాను. పట్టికకు నా మూడ్‌తో పని లేదు. అలాగని ప్రతి వారమూ ఏదో ఒకటి తగులుతుందనీ కాదు. తగలని వారాల్లో బలవంతంగా అతికించినవి ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. బస్సు మిస్సయిన దాన్ని, ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచి బయల్దేరిన నిర్గమకాండంతో ముడిపెట్టాను ఒకసారి!

నోటుబుక్కు అలవాటు ఇంకా పోలేదు. 2020లో కూలీల కథ వచ్చేనాటికి నా ఉద్యోగం పోయి నాలుగు నెలలు. ఫోను మోగితే చాలు, టెన్షన్. ఆ వారం కుడి పేజీలో తేదీ తప్ప ఏమీ లేదు.

2023లో మళ్లీ వచ్చింది. ఈసారి నేను తెల్లవారుజాము కూలీని. నాకంటే ఎంతో వెనక చేరిన అమ్మాయికీ నాకూ ఒకటే జీతమని తెలిసి వారమంతా ఉడికిపోతున్నాను. ఎనిమిదో వచనం దగ్గర ఆగిపోయాను. కూలి చివర వచ్చినవాళ్లతో మొదలుపెట్టి ఇవ్వమంటాడు యజమాని. ముందు వచ్చినవాళ్లకు ముందే ఇచ్చేసి ఉంటే దేనారం పుచ్చుకుని హాయిగా ఇంటికి పోయేవాళ్లు. గొణుగుడే ఉండేది కాదు. అంటే వాళ్లు చూడాలనే అలా ఇచ్చాడన్నమాట. ఎందుకన్నది నాకింకా మింగుడుపడలేదు.

అది పక్కన పెట్టి, కుడి పేజీలో నేను చూసింది రాశాను: ‘నాకెవరూ చూపించలేదు. ఆ అమ్మాయి టీకి లేచినప్పుడు ఆమె స్క్రీన్ మీదికి నేనే తొంగిచూశాను.’